మింట్ మళ్ళీ వేశాక పాత హోమ్ కనిపించట్లేదు, బూట్ ఒకటిన్నర నిమిషం, డేటా డ్రైవ్‌లో ఏదీ సేవ్ కావట్లేదు

కృష్ణలంక

అందరికీ నమస్కారం. మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, ఎన్నికలొస్తే ఫ్లెక్సీల డిజైన్లు చేస్తుంటాం. సిస్టమ్‌లో 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి, 1 టీబీ హార్డ్ డిస్క్ ఒకటి. ఎస్‌ఎస్‌డీలో విండోస్ 10తో పాటు లినక్స్ మింట్ 21.3 ఉండేది. విండోస్ ఉంచింది అను (తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్)లో చేసిన పాత ఫైళ్ళ కోసమే. మిగతా పనంతా మింట్‌లోనే.

రూట్‌కి (సిస్టమ్ ఫైళ్ళుండే పార్టిషన్‌కి) మొదట్లో 25 జీబీయే ఇచ్చాం. అది నిండిపోయి అప్‌డేట్లు దిగడం కూడా ఆగిపోయింది. అందుకని విండోస్ వైపు నుంచి కొంత చోటు తీసి, రూట్‌ని 60 జీబీ చేసి, మింట్ 22 కొత్తగా వేశాను. ఇన్‌స్టాలర్‌లో ‘సంథింగ్ ఎల్స్’ (పార్టిషన్లు మనమే ఎంచుకునే పద్ధతి) ఎంచుకుని రూట్‌కి మాత్రమే ఫార్మాట్ టిక్కు పెట్టాను. పాత హోమ్ (మన ఫైళ్ళు, సెట్టింగులు ఉండే చోటు) హార్డ్ డిస్క్‌లో వేరే పార్టిషన్‌గా ఉంది. దాని జోలికి పోలేదు.

ఇన్‌స్టాల్ సాఫీగానే అయింది. లాగిన్ అయి చూస్తే డాక్యుమెంట్స్, పిక్చర్స్ అన్నీ ఖాళీ. ఏ పార్టిషన్ ఎక్కడ తెరవాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్ పాత కాపీ పెన్‌డ్రైవ్‌లో ఉంటే అందులోంచి స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడే డిస్క్ భాగం) లైను, డేటా డ్రైవ్ లైను తెచ్చి కొత్త ఫైల్లో చేర్చాను. అప్పటి నుంచి ఆన్ చేస్తే మింట్ లోగో దగ్గర ఒకటిన్నర నిమిషం అలాగే ఉండిపోతోంది. డేటా డ్రైవ్ తెరుచుకుంటోంది కానీ అందులో ఏదీ సేవ్ కావట్లేదు, ‘రీడ్ ఓన్లీ’ అంటోంది. మధ్యలో ఒకసారి విండోస్‌లోకి వెళ్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి ఉంది. పైగా తెలుగు కీబోర్డూ లేదు, ఫాంట్లూ లేవు.

శ్రావణం ముహూర్తాల ఆర్డర్లు చేతిలో ఉన్నాయి, మహా టెన్షన్‌గా ఉంది. పాత ఫైళ్ళు ఉన్నట్టా పోయినట్టా?

పెన్నా

బ్రో, ముందు టెస్ట్‌డిస్క్ వేసి స్కాన్ పెట్టు. పోయిన పార్టిషన్లు తిరిగొస్తాయి. డేటా డ్రైవ్‌కి సీహెచ్‌మోడ్ 777 (అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చే కమాండ్) కొట్టు, రైట్ అవుతుంది. అప్పటికీ కాకపోతే మళ్ళీ ఇన్‌స్టాల్ చెయ్, అరగంట పని.

సీతమ్మధార_షెల్

కృష్ణలంక గారూ, దయచేసి ఇప్పుడే టెస్ట్‌డిస్క్ జోలికి వెళ్ళకండి, మళ్ళీ ఇన్‌స్టాల్ అసలే వద్దు. పార్టిషన్ టేబుల్ చెడిపోయినప్పుడో, పార్టిషన్‌ని పొరపాటున డిలీట్ చేసినప్పుడో వాడే మందు టెస్ట్‌డిస్క్. మీ హోమ్ పార్టిషన్ పోయిందని ఇంకా ఎవరికీ తెలియదు. పోయినట్టు నాకైతే అనిపించట్లేదు కూడా.

ముందు ఈ మూడింటి ఫలితం పెట్టండి. మూడూ చదివేవే, డిస్క్‌లో దేన్నీ మార్చవు.

ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్
క్యాట్ /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్
జర్నల్‌సీటీఎల్ -బీ | గ్రెప్ -ఐ "టైమ్డ్ అవుట్"

నిర్వాహకుడు

కొత్తవారికి ఓ మాట. ఈ వేదికలో కమాండ్లు కూడా తెలుగు లిపిలోనే రాసుకుంటాం. టెర్మినల్‌లో కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి.

కృష్ణలంక

ధన్యవాదాలు మేడమ్. యూయూఐడీలు (ఒక్కో పార్టిషన్‌కి ఉండే గుర్తింపు నంబర్లు) పొడుగ్గా ఉన్నాయి కాబట్టి చివరి నాలుగు అంకెలే రాస్తున్నాను. ఎస్‌డీఏ అంటే ఎస్‌ఎస్‌డీ, ఎస్‌డీబీ అంటే హార్డ్ డిస్క్.

ఎస్‌డీఏ1: వీఫ్యాట్, /బూట్/ఈఎఫ్‌ఐ
ఎస్‌డీఏ2: ఏమీ చూపించట్లేదు
ఎస్‌డీఏ3: ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫార్మాట్), విండోస్
ఎస్‌డీఏ4: ఈఎక్స్‌టీ4 (లినక్స్ ఫార్మాట్), చివర 2207, మౌంట్ /
ఎస్‌డీబీ1: ఈఎక్స్‌టీ4, చివర 7741, మౌంట్ చోట ఖాళీ
ఎస్‌డీబీ2: స్వాప్, చివర 5812
ఎస్‌డీబీ3: ఎన్‌టీఎఫ్‌ఎస్, లేబుల్ డేటా, మౌంట్ /మీడియా/డేటా

ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఉన్నవి: 2207 రూట్‌కి, ఈఎఫ్‌ఐ లైను, 5812 స్వాప్, 3096 స్వాప్, ఆ తర్వాత డేటా లైను. చివరి రెండూ నేను చేర్చినవి.

జర్నల్‌లో ఒకే లైను వచ్చింది. 3096తో ముగిసే యూయూఐడీ ఉన్న డివైస్ కోసం చూసి చూసి టైమ్ అయిపోయిందని అర్థమైంది.

హన్మకొండ_రూట్

దొరికింది అన్నా. రెండు స్వాప్ లైన్లు ఉన్నాయి చూడు. 3096 అనే స్వాప్ ఇప్పుడు నీ డిస్క్‌లో ఎక్కడా లేదు.

జరిగింది ఇది. ‘సంథింగ్ ఎల్స్’లో పాత స్వాప్ పార్టిషన్ కనబడితే ఇన్‌స్టాలర్ దాన్ని తనంతట తనే వాడుకుంటుంది, వాడుకునే ముందు ఫార్మాట్ చేస్తుంది. మనం టిక్కు పెట్టనక్కర్లేదు. ‘ఇన్‌స్టాల్ నౌ’ నొక్కాక ఏయే పార్టిషన్లు ఫార్మాట్ అవుతాయో ఒక చిన్న పెట్టెలో చెప్తది, అందులో స్వాప్ పేరు కూడా ఉంటది. ఫార్మాట్ అయితే యూయూఐడీ మారుతుంది. పాత 3096 పోయి 5812 వచ్చింది. కొత్త నంబరుతో లైను ఇన్‌స్టాలరే రాసిపెట్టింది. నువ్వు తెచ్చిన పాత లైను మాత్రం లేని డిస్క్ కోసం సిస్టమ్‌డీని (బూట్ నడిపే ప్రోగ్రామ్‌ని) కూర్చోబెట్టింది. దాని ఓపిక డిఫాల్ట్‌గా 90 సెకన్లు. నీ ఒకటిన్నర నిమిషం లెక్క సరిపోయిందా?

లోగో కనబడుతున్నప్పుడు ఎస్కేప్ కీ నొక్కితే ఈ కథంతా తెర మీదే నడుస్తది. ఎన్ని సెకన్లు అయ్యాయో కూడా లెక్కపెట్టి చూపిస్తది.

సుడో నానో /ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అని తెరిచి 3096 లైను ముందు # పెట్టు. తీసెయ్యకు, # చాలు. సేవ్ చేసి ఇవి కొట్టు:

సుడో ఫైండ్‌ఎంఎన్‌టీ --వెరిఫై
సుడో సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్
సుడో స్వాప్‌ఆన్ -ఏ
స్వాప్‌ఆన్ --షో

మొదటిది ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో తప్పులుంటే రీబూట్‌కి ముందే పట్టిస్తది. చాలామందికి ఈ సంగతి తెలియక ఫైల్ మార్చిన వెంటనే రీస్టార్ట్ కొట్టి ఎమర్జెన్సీ మోడ్‌లో ఇరుక్కుంటారు. రూట్ అకౌంట్ లాక్ అయి ఉన్న కొన్ని సిస్టమ్‌లలో ఆ మోడ్‌లోకి పోయినా చేతికి షెల్ (కమాండ్లు కొట్టే చోటు) రాదు. అప్పుడు లైవ్ యూఎస్‌బీ వెతుక్కోవాల్సిందే.

సీతమ్మధార_షెల్

హోమ్ సంగతి. ఎస్‌డీబీ1 చూడండి: ఈఎక్స్‌టీ4, 7741, ఎక్కడా మౌంట్ కాలేదు, అంటే ఏ ఫోల్డర్‌కీ తగిలించలేదు. మీ పాత హోమ్ అదే. ఫైల్ సిస్టమ్ చెక్కుచెదరకుండా ఉంది. ఇన్‌స్టాలర్‌లో ఆ పార్టిషన్‌కి మౌంట్ పాయింట్ ఇవ్వనందున కొత్త మింట్ తన హోమ్‌ని రూట్ లోపలే ఒక మామూలు ఫోల్డర్‌గా పెట్టుకుంది. మీరిప్పుడు చూస్తున్న ఖాళీ డాక్యుమెంట్స్ అక్కడివి. ఇల్లు ఎక్కడికీ పోలేదు, పోస్ట్‌మ్యాన్ చేతిలో చిరునామా లేదు, అంతే. మీ పెన్‌డ్రైవ్ కాపీలో 7741 లైను కూడా ఉండే ఉంటుంది. ఫార్మాట్ కాలేదు కాబట్టి ఆ లైను మాత్రం ఇప్పటికీ చెల్లుతుంది.

దాన్ని వెంటనే అతికించకండి. ముందు పక్కన మౌంట్ చేసి లోపల ఏముందో చూద్దాం:

సుడో మౌంట్ -ఓ ఆర్‌ఓ /డెవ్/ఎస్‌డీబీ1 /ఎంఎన్‌టీ
ఎల్‌ఎస్ -ఎల్‌ఎన్ /ఎంఎన్‌టీ

‘ఆర్‌ఓ’ అంటే చదవడానికి మాత్రమే. రెండో కమాండ్‌లో ‘ఎన్’ పెట్టింది యజమాని పేరుకి బదులు నంబరు చూపించడానికి. ఆ నంబరు, ఫోల్డర్ పేరు రాయండి. మీ ఇప్పటి యూజర్ పేరు కూడా.

కృష్ణలంక

మేడమ్, ఫైళ్ళన్నీ ఉన్నాయి! నిన్నటి నుంచి అన్నం సహించలేదు, ఇప్పుడు తింటాను.

అందులో లాస్ట్ ప్లస్ ఫౌండ్ అని ఒక ఫోల్డర్, డీటీపీ అని ఇంకొకటి ఉన్నాయి. డీటీపీ పక్కన 1000 1000 అని ఉంది. పాత యూజర్ పేరు డీటీపీ, ఇప్పుడు కొత్తగా ప్రింట్ అని పెట్టాను.

స్వాప్ లైనుకి # పెట్టాను. రీబూట్ చేస్తే లోగో అలా వచ్చి ఇలా పోయింది.

పెన్నా

లాస్ట్ ప్లస్ ఫౌండ్‌లో ఏవో పోయినవి ఉన్నట్టేగా?

హన్మకొండ_రూట్

కాదు తమ్మీ. ఈఎక్స్‌టీ4 పార్టిషన్ ప్రతిదానికీ ఆ ఫోల్డర్ పుట్టుకతో వస్తది. కరెంటు పోయి ఫైల్ సిస్టమ్ చెక్ నడిచినప్పుడు, పేరు తెగిపోయిన ముక్కలు దొరికితే అందులో పడేస్తది. మామూలుగా ఖాళీగానే ఉంటది. పార్టిషన్‌కి అది మొదటి మెట్టు అని గుర్తుపట్టడానికి మాత్రం బాగా పనికొస్తది.

సీతమ్మధార_షెల్

1000 అని వచ్చింది కదా, సగం పని తగ్గింది. మింట్ కూడా ఉన్న ఉబుంటు, డెబియన్ కుటుంబంలో మొదటి యూజర్‌కి ఎప్పుడూ 1000 వస్తుంది. పాత ‘డీటీపీ’, కొత్త ‘ప్రింట్’ ఇద్దరూ 1000 కాబట్టి ఫైళ్ళ యజమాని మీరే. డిస్క్ మీద ఉండేది నంబరే, పేరు ఉండదు. పాత సిస్టమ్‌లో మీరు రెండో యూజర్ అయి ఉంటే 1001 వచ్చేది. అప్పుడు సీహెచ్‌ఓన్ -ఆర్ తో ఆ ఫోల్డర్ వరకు యజమానిని మార్చాల్సి వచ్చేది.

పెన్నా, సీహెచ్‌మోడ్ 777 అన్నారు. హోమ్ మీద అది కొడితే ఎస్‌ఎస్‌హెచ్ కీలు (వేరే కంప్యూటర్‌లోకి లాగిన్ కావడానికి వాడేవి) పనిచేయవు, అనుమతులు అంత బార్లా తెరిచి ఉంటే ఎస్‌ఎస్‌హెచ్ ఆ కీని తిరస్కరిస్తుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ మీద కొడితే, అక్కడ అనుమతులు మౌంట్ ఆప్షన్ల నుంచి వస్తాయి కాబట్టి మామూలుగా ఏమీ మారదు. రీడ్ ఓన్లీగా మౌంట్ అయిన దాని మీద అసలు కమాండే నడవదు.

ఇక మిగిలింది పేరు తేడా. కొత్త యూజర్ ‘ప్రింట్’ కాబట్టి సిస్టమ్ /హోమ్/ప్రింట్ కోసం చూస్తుంది. పార్టిషన్‌లో ఉన్నది డీటీపీ. ఫోల్డర్ పేరు మార్చి, పాత పేరుతో ఒక లింకు వదిలితే సరిపోతుంది:

సుడో మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /ఎంఎన్‌టీ
సీడీ /ఎంఎన్‌టీ
సుడో ఎంవీ డీటీపీ ప్రింట్
సుడో ఎల్‌ఎన్ -ఎస్ ప్రింట్ డీటీపీ

లింకు ఎందుకంటే, ఇంక్‌స్కేప్‌లో లింకు చేసిన బొమ్మలు, ఫైల్ మేనేజర్ బుక్‌మార్కులు, లిబ్రేఆఫీస్ ఇటీవలి ఫైళ్ళ జాబితా ఇవన్నీ /హోమ్/డీటీపీ అనే పూర్తి దారిని గుర్తుపెట్టుకుని ఉంటాయి. మీ పని డిజైన్ల పని. వంద శుభలేఖల్లో వినాయకుడి బొమ్మ లింకు తెగితే ఒక్కొక్కటీ తెరిచి కలుపుకోవాలి.

ఆ తర్వాత ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఈ లైను:

యూయూఐడీ=…7741  /హోమ్  ఈఎక్స్‌టీ4  డిఫాల్ట్స్  0  2

చివరి 2 అంటే బూట్‌లో రూట్ తర్వాత దీన్ని చెక్ చేయమని. రూట్‌కి 1, స్వాప్‌కి, ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి 0. ఫైండ్‌ఎంఎన్‌టీ వెరిఫై చేసి రీబూట్ చేయండి. ఇక్కడ మాత్రం మౌంట్ -ఏ వద్దు. లాగిన్ అయి ఉండగా కాళ్ళ కింద హోమ్ మారిపోతే డెస్క్‌టాప్ గందరగోళపడుతుంది.

ఆస్టిన్_తాళపత్రం

చర్చ చూస్తూ ఉన్నాను, ఒక మాట. హోమ్‌ని వేరే పార్టిషన్‌గా పెట్టడం పాత కాలపు సలహా అని నా అభిప్రాయం. మనం కాపాడుకోవాలనుకునేవి పత్రాలు, ఫొటోలు, ఫాంట్లు. హోమ్ మొత్తం మోసుకొస్తే వాటితో పాటు పాత సెట్టింగుల చెత్త కూడా వస్తుంది. మింట్ 21.3లో డెస్క్‌టాప్ సిన్నమన్ 6.0, మింట్ 22లో 6.2. ఈ తేడా చిన్నదే, నడిచిపోతుంది. రేపు డెస్క్‌టాప్ మార్చి కేడీఈకి వెళ్ళినా, డిస్ట్రోనే (మింట్, డెబియన్ లాంటి లినక్స్ రకాన్నే) మార్చినా, పాత డాట్ ఫోల్డర్లు (చుక్కతో మొదలయ్యే సెట్టింగుల ఫోల్డర్లు) వెంటాడతాయి. ఐకాన్లు మాయమవడం, ప్యానెల్ రెండు కావడం అన్నీ వాటి వల్లే.

నేనైతే హోమ్‌ని రూట్‌లోనే వదిలేసి, డేటా అని ఒక ఈఎక్స్‌టీ4 పార్టిషన్ పెట్టి, కాన్ఫిగ్ ఫోల్డర్‌లో ఉండే యూజర్ డిర్స్ ఫైల్లో డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ దారుల్ని అటు మళ్ళిస్తాను. రీఇన్‌స్టాల్ చేసినప్పుడల్లా ఆ ఒక్క ఫైలు, ఒక్క మౌంట్ లైను చాలు.

హన్మకొండ_రూట్

ఆస్టిన్ అన్నా, నీ పద్ధతి చక్కగానే ఉంది కానీ ఫైర్‌ఫాక్స్ పాస్‌వర్డులు, థండర్‌బర్డ్ మెయిళ్ళు, ఇంక్‌స్కేప్ ఎక్స్‌టెన్షన్లు, ఫ్లాట్‌ప్యాక్ యాప్‌ల డేటా ఇవన్నీ డాట్ ఫోల్డర్లలోనే ఉంటాయి. షాపు నడుపుకునే మనిషి రేపు పొద్దున సరిగ్గా నిన్నటి తెరే కావాలంటాడు. చెత్త అనుకుంటే చెత్త, కానీ అది ఆయన అలవాటు చేసుకున్న చెత్త.

ప్యానెల్ తేడా చేస్తే సిన్నమన్ సెట్టింగుల వరకే చెరిపేసుకోవచ్చు:

డీకాన్ఫ్ రీసెట్ -ఎఫ్ /ఆర్గ్/సిన్నమన్/

మిగతా యాప్‌ల జోలికి పోదు. క్యాష్ ఫోల్డర్ మొత్తం ఎగరగొట్టినా నష్టం లేదు.

ఆస్టిన్_తాళపత్రం

మెయిళ్ళ విషయం ఒప్పుకుంటాను. డిస్ట్రోలు మార్చే అలవాటున్నవాళ్ళకి నాది, ఒక్క మింట్‌నే పట్టుకుని ఉండేవాళ్ళకి మీది. అంతవరకు సరే.

బూట్‌బండి

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నాదీ ఇంచుమించు ఇదే, కానీ తిరగేసి. ఒకే ల్యాప్‌టాప్‌లో డెబియన్ 12, మింట్ ఉన్నాయి. మింట్ ఒక్కటే మళ్ళీ వేశాను. మింట్ చక్కగా ఉంది. నేను ముట్టుకోని డెబియన్ మాత్రం ఆలస్యంగా లేస్తోంది. ముందు నల్ల తెర మీద ‘గేవ్ అప్ వెయిటింగ్ ఫర్ సస్పెండ్/రెజ్యూమ్ డివైస్’ అని వచ్చి, ఆ తర్వాత మళ్ళీ 90 సెకన్ల లెక్క.

నిర్వాహకుడు

బూట్‌బండి గారూ, మామూలుగా అయితే వేరే చర్చ తెరవమనేవాణ్ణి. కారణం ఒకటే కాబట్టి ఇక్కడే కానివ్వండి. దీనికి మించి సాగితే విడదీస్తాను.

హన్మకొండ_రూట్

రెండు సిస్టమ్‌లూ ఒకే స్వాప్ పంచుకుంటున్నాయి కదా? మింట్ ఇన్‌స్టాలర్ ఆ స్వాప్‌ని ఫార్మాట్ చేసింది. కొత్త నంబరు మింట్‌కి తెలుసు, డెబియన్‌కి ఎవరూ చెప్పలేదు. అది రెండు చోట్ల పాత నంబరు పట్టుకుని ఉంది. ఒకటి దాని ఎఫ్‌ఎస్‌ట్యాబ్. అక్కడ 90 సెకన్లు. రెండోది హైబర్నేట్ నుంచి లేవడానికి ఇనిట్‌ఆర్‌ఏఎంఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో వాడే చిన్న మూట) చూసుకునే ఫైల్:

/ఈటీసీ/ఇనిట్‌ఆర్‌ఏఎంఎఫ్‌ఎస్-టూల్స్/కాన్ఫ్.డీ/రెజ్యూమ్

మొదటి మెసేజ్ దీని నుంచి వస్తోంది. డెబియన్‌లోకి వెళ్ళి బీఎల్‌కేఐడీ కొట్టి స్వాప్ కొత్త నంబరు తీసుకో. రెండు ఫైళ్ళలోనూ మార్చు. తర్వాత సుడో అప్‌డేట్-ఇనిట్‌ఆర్‌ఏఎంఎఫ్‌ఎస్ -యూ కొట్టు. ఇది మరిచిపోతే రెజ్యూమ్ ఫైల్ మార్చినా ఫలితం ఉండదు, ఎందుకంటే బూట్‌లో వాడేది ముందే మూటగట్టి పెట్టిన కాపీని.

హైబర్నేట్ వాడే అలవాటుంటే ఇంకో మాట. ఒక సిస్టమ్‌ని హైబర్నేట్ చేసి, అదే స్వాప్ వాడే రెండోదాన్ని బూట్ చెయ్యకు. మొదటిదాని మెమరీ మొత్తం ఆ స్వాప్‌లోనే దాచి ఉంటది. రెండోది వచ్చి దాని మీద రాసేస్తది.

కృష్ణలంక

హోమ్ వచ్చేసింది! వాల్‌పేపర్‌తో సహా పాతదే. మా అబ్బాయి ఫొటో తెర మీద చూసేసరికి ప్రాణం లేచొచ్చింది. ఇంక్‌స్కేప్ ఫైళ్ళలో బొమ్మలు కూడా ఏవీ తెగలేదు, లింకు చిట్కా బ్రహ్మాండం మేడమ్. ప్యానెల్‌లో వాతావరణం ఆప్లెట్ ఒక్కటి ఎర్రగా ఎర్రర్ చూపిస్తోంది, దాన్ని తీసేశాను.

ఇన్‌స్టాల్ అప్పుడు వచ్చిన కొత్త ఖాళీ హోమ్ ఏమైనట్టు? అది అడుగున ఉండిపోయిందా?

సీతమ్మధార_షెల్

అవును, అడుగునే ఉంది. పైన పార్టిషన్ మౌంట్ అవడంతో కనిపించదు. కొన్ని ఎంబీలు ఉంటుందేమో, వదిలేసినా ఇబ్బంది లేదు. చూడాలనిపిస్తే సుడో మౌంట్ --బైండ్ / /ఎంఎన్‌టీ అని చేసి /ఎంఎన్‌టీ/హోమ్ లోకి వెళ్ళండి. అక్కడ కనిపించేది అడుగుదే. చెరిపేటప్పుడు మాత్రం దారి ముందు /ఎంఎన్‌టీ ఉందో లేదో చూసుకుని చెరపండి.

ఇక డేటా డ్రైవ్. ఇది లినక్స్ వైపు సమస్య కాదు. విండోస్ 10లో ‘ఫాస్ట్ స్టార్టప్’ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నొక్కినా అది పూర్తిగా ఆగదు, సగం హైబర్నేట్ అవుతుంది. తాను తెరిచిన ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్లన్నిటినీ, రెండో డిస్క్‌లోవి కూడా, ఇంకా వాడుకలో ఉన్నట్టే వదిలేసి పడుకుంటుంది. ఆ స్థితిలో రాస్తే ఫైళ్ళు పాడవుతాయని ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ డ్రైవర్ చదవడానికి మాత్రమే తెరుస్తుంది. అది మీ మేలు కోరి చేస్తున్న పనే. ఇంటర్నెట్‌లో ‘రిమూవ్ హైబర్‌ఫైల్’ అనే ఆప్షన్‌తో బలవంతంగా తెరవమని సలహాలు కనిపిస్తాయి. విండోస్‌లో సేవ్ చేయకుండా వదిలిన పని ఏదైనా ఉంటే దాంతో పోతుంది, అది వద్దు.

విండోస్‌లోకి వెళ్ళి, కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్ కొట్టండి. హైబర్నేషన్, దాంతో పాటే ఫాస్ట్ స్టార్టప్ పోతాయి, సీ డ్రైవ్‌లో కొన్ని జీబీలు కూడా మిగులుతాయి. అక్కడే డేటా డ్రైవ్‌కి ఒకసారి సీహెచ్‌కేడీఎస్‌కే (డిస్క్ తప్పులు సరిచేసే టూల్) నడపండి. లినక్స్ వైపు ఎన్‌టీఎఫ్‌ఎస్‌ఫిక్స్ అని ఒకటుంది కానీ దాని మరమ్మతులు నామమాత్రం, అసలు పని విండోస్ టూలే చేస్తుంది. ఆ తర్వాత షట్‌డౌన్ చేసి మింట్‌లోకి రండి.

ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో డేటా లైను ఎలా ఉందో కూడా పెట్టండి.

కృష్ణలంక

ఆ లైనులో ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ, డిఫాల్ట్స్, 0 0 అని ఉంది మేడమ్.

సీతమ్మధార_షెల్

డిఫాల్ట్స్ స్థానంలో ఇది పెట్టండి:

డిఫాల్ట్స్,నోఫెయిల్,యూఐడీ=1000,జీఐడీ=1000,యూమాస్క్=022

మధ్యలో ఖాళీలు ఉండకూడదు. ‘నోఫెయిల్’ ఉంటే రేపు ఆ డిస్క్ కేబుల్ వదులై కనిపించకపోయినా బూట్ ఆగదు. రూట్‌కి, హోమ్‌కి నోఫెయిల్ పెట్టకండి, అవి లేకుండా సిస్టమ్ లేచి ప్రయోజనం లేదు. మిగతా అన్నిటికీ పెట్టుకోవడం నా అలవాటు.

పెన్నా

యూయూఐడీ ఇంత గొడవైతే నేరుగా /డెవ్/ఎస్‌డీబీ3 అని రాసుకోవచ్చుగా? చదవడానికి కూడా తేలిక.

హన్మకొండ_రూట్

ఇయ్యాళ ఎస్‌డీబీ, రేపు అదే ఎస్‌డీఏ కావచ్చు తమ్మీ. కెర్నెల్ ఏ డిస్క్‌ని ముందు చూస్తే దానికి ఆ పేరు. పెన్‌డ్రైవ్ పెట్టి బూట్ చేస్తే కూడా తారుమారవుతాయి. మౌంట్ అయితే వేరే పార్టిషన్ తెరుచుకుంటది, అదే ఫార్మాట్ చేసే ఎంకేఎఫ్‌ఎస్ లాంటి కమాండ్‌లో పేరు తప్పితే ఏమైతదో నువ్వే చెప్పు. చదవడానికి తేలిగ్గా కావాలంటే లేబుల్ పెట్టుకుని, లేబుల్=డేటా అని రాసుకో. అదీ చెల్లుతది.

కృష్ణలంక

డేటా డ్రైవ్‌లో సేవ్ అవుతోంది. సీహెచ్‌కేడీఎస్‌కే ఏవో చిన్న తప్పులు సరిచేసినట్టు చూపించింది.

గడియారం సంగతి ఏం చేయాలి? విండోస్‌లో సరిచేస్తే సరిగ్గా ఉంటోంది, మింట్‌లోకి వెళ్ళి వస్తే మళ్ళీ మధ్యాహ్నం రెండింటికి ఉదయం ఎనిమిదిన్నర అంటోంది.

ఆస్టిన్_తాళపత్రం

మదర్‌బోర్డు మీద ఉన్న గడియారంలో లినక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) సమయం రాస్తుంది. విండోస్ దాన్నే స్థానిక సమయం అనుకుని చదువుతుంది. భారత సమయం యూటీసీకి ఐదున్నర గంటలు ముందు కాబట్టి మీకు సరిగ్గా అంతే తేడా వస్తోంది. మింట్‌లో ఒక కమాండ్‌తో పోతుంది:

టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1

పాత మింట్‌లో ఎవరో ఇది పెట్టి ఉంటారు. ఈ సెట్టింగు /ఈటీసీలో ఉంటుంది కాబట్టి రూట్ ఫార్మాట్‌తో పోయింది. ఇది పెట్టాక టైమ్‌డేట్‌సీటీఎల్ ఒక హెచ్చరిక చూపిస్తుంది. వేసవిలో గంట ముందుకు జరిపే అమెరికాలోని మా ఆస్టిన్ లాంటి చోట్ల చిక్కులొస్తాయని దాని భయం. గంటలు మార్చే పద్ధతి భారత్‌లో లేదు కాబట్టి పట్టించుకోనక్కర్లేదు. రిజిస్ట్రీ మార్చి విండోస్‌నే యూటీసీ చదివేలా చేయడం ఇంకో దారి. ఇక్కడ ఉన్న నాలాంటివాళ్ళకి అదే మేలు.

సీతమ్మధార_షెల్

ఫాంట్లది కూడా అదే కథ. పాత సిస్టమ్‌లో ఫాంట్లు /యూఎస్‌ఆర్/షేర్/ఫాంట్స్‌లో వేసి ఉంటారు. అది రూట్ భాగం. ఈసారి హోమ్‌లో .లోకల్/షేర్/ఫాంట్స్ అనే ఫోల్డర్ చేసుకుని అందులో పెట్టి ఎఫ్‌సీ-క్యాష్ -ఎఫ్ కొట్టండి. మళ్ళీ ఎన్నిసార్లు మింట్ వేసినా ఫాంట్లు హోమ్‌తో పాటే వస్తాయి. పోతన, వేమన కావాలంటే ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా ప్యాకేజీలో ఉన్నాయి. మండలి, రామభద్ర, సూరన్న, తిమ్మన గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి.

కీబోర్డ్‌కి ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ వేసి, మెనూలో ఇన్‌పుట్ మెథడ్ తెరిచి ఐబస్ ఎంచుకుని, లాగౌట్ అయి రండి. ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్ మూడు లేఅవుట్లూ అందులో ఉన్నాయి. ఇన్‌స్క్రిప్ట్ ఒక్కటే చాలనుకుంటే ఐబస్ కూడా అక్కర్లేదు, కీబోర్డ్ సెట్టింగుల్లో లేఅవుట్స్‌లో తెలుగు చేర్చుకుంటే పనైపోతుంది.

కృష్ణలంక

యాపిల్ ఉందా? అనులో చేతికి అలవాటైంది అదే. ఇప్పటిదాకా మింట్‌లో ఇన్‌స్క్రిప్ట్‌తో నెట్టుకొస్తున్నాను.

హన్మకొండ_రూట్

ఉంది అన్నా. కొన్ని వత్తులు, పొల్లుల దగ్గర తేడా ఉండొచ్చు, ఆర్డర్ల హడావిడి తగ్గాక నెమ్మదిగా చూసుకో. చేయి పడ్డ లేఅవుట్‌ని సీజన్ మధ్యలో మార్చకు.

ఇంకొకటి. నీ రూట్ 25 జీబీలో ఎందుకు నిండిందో చూసుకున్నావా? 60 జీబీ కూడా అలాగే నిండొచ్చు. టైమ్‌షిఫ్ట్ (సిస్టమ్ బ్యాకప్ తీసే ప్రోగ్రామ్) స్నాప్‌షాట్లు రూట్‌లోనే పడుతున్నాయేమో చూడు. హార్డ్ డిస్క్‌లోని హోమ్ పార్టిషన్‌ని దానికి చోటుగా ఎంచుకో, అది ఈఎక్స్‌టీ4 కాబట్టి పనికొస్తది. డేటా డ్రైవ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ కాబట్టి పనికిరాదు. టైమ్‌షిఫ్ట్ మామూలుగా హోమ్‌లోని ఫైళ్ళను దాచదు, అది సిస్టమ్ వరకే. శుభలేఖల బ్యాకప్ వేరే తీసుకోవాల్సిందే.

కృష్ణలంక

చూశాను అన్నా. టైమ్‌షిఫ్ట్ సెట్టింగుల్లో చోటు ఎస్‌డీఏ4 అని ఉంది, అంటే రూటే. ఎస్‌డీబీ1కి మార్చాను. యాపిల్ లేఅవుట్ కూడా వచ్చింది. ఈ పోస్టు దాంతోనే కొడుతున్నాను, ‘క్ష’ కోసం మాత్రం కాసేపు వెతుక్కున్నాను. టైమ్‌డేట్‌సీటీఎల్ కొట్టి విండోస్‌లోకి వెళ్ళి వచ్చాను, గడియారం రెండు వైపులా కలిసింది.

బూట్‌బండి

నాదీ అయింది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్ మార్చగానే 90 సెకన్లు పోయాయి, అప్‌డేట్-ఇనిట్‌ఆర్‌ఏఎంఎఫ్‌ఎస్ కొట్టాక మొదటి మెసేజ్ కూడా రావట్లేదు. ఒక చిన్న సందేహం: మింట్ మళ్ళీ వేసే పనిపడితే ఈసారి స్వాప్‌ని ఫార్మాట్ చేయకుండా ఆపడం ఎలా?

సీతమ్మధార_షెల్

‘సంథింగ్ ఎల్స్’ జాబితాలో ఆ స్వాప్ పార్టిషన్ మీద డబుల్ క్లిక్ చేసి, ‘యూజ్ యాజ్’ దగ్గర ‘డు నాట్ యూజ్ ది పార్టిషన్’ ఎంచుకోండి. ఇన్‌స్టాలర్ దాన్ని వదిలేస్తుంది. మింట్ లేచాక స్వాప్ లైను మీరే ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో చేర్చుకోవచ్చు. లేదా మింట్‌కి స్వాప్ ఫైల్ ఇచ్చి, ఆ పార్టిషన్‌ని డెబియన్‌కే వదిలేయండి. హైబర్నేట్ భయం కూడా ఉండదు.